ప్రిన్స్ గారి పరిచయ సభ

మెట్టభూముల అభివృద్ధి మండలి చైర్మన్ ఓబుళేశు గారి కుక్కపిల్ల ప్రిన్స్, వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు కర్నూలు నంద్యాల రోడ్డులోని ఫంక్షన్ హాలులో ఇతర కుక్కలకు మొట్టమొదటిసారిగా పరిచయం కానున్నదని జిల్లా ప్రజలకు తెలియజేయడమైనది. కుక్కలు తొమ్మిదింటికల్లా తమ తమ స్థానాల్లో ఉండాలనీ, మండలాల వారీగా వాహనాలు ఏర్పాటు చేశామనీ, నీళ్ళకూ నీడకూ లోటుండదనీ రాసి, కింద చైర్మన్ గారి పీఏ దావీదురాజు సంతకం చేశాడు.

ఈ ప్రకటన పేపర్లో చూసి జిల్లాలో చాలామంది సంతోషించారు. ఉరుకుందమ్మ మాత్రం ఆ పేపరు మడిచి పరుపు కింద దాచేసింది. ఇంత పెద్ద సభకు మూలం తన కూతురి నోటి నుంచి జారిన ఒక్క మాట. రేపు ఏదన్నా జరగరానిది జరిగితే ఆ మాట ఎవరిదని వెతుక్కుంటూ వస్తారు. జరగరానిది జరగకుండా పోయిన రోజును ఉరుకుందమ్మ ఇంతవరకు చూడలేదు. చూసినా ఇంకా సాయంత్రం కాలేదు కదా అనుకునేది.

ఆమెది ఆస్పరి దగ్గర పల్లె. చదువు ఏడో తరగతి. కూతురు శివజ్యోతికి గ్రామ సచివాలయంలో పశువుల అసిస్టెంటు ఉద్యోగం వచ్చిందని ఊరంతా మెచ్చుకున్న రోజే, పోస్టింగు రాయచోటి అవతల ఎక్కడో పల్లెలో అని తెలిసి ఆమె ఒక పూట అన్నం మానేసింది. అప్పటి నుంచి మూడేళ్ళుగా ఆమెకు కంటి నిండా నిద్ర లేదు. పిల్ల ఎక్కిన బస్సు లోయలో పడుతుంది. ఎనుము డొక్కలో తన్నుతుంది. చిన్నప్పటి నుంచి జలుబు మనిషి కాబట్టి గ్యాసు లీకయితే వాసన తెలియదు. ఫోను ఎత్తకపోతే ఏదో అయిందని అర్థం. మొదటి రింగుకే ఎత్తితే ఏదో అయింది కాబట్టే ఫోను చేతిలో పెట్టుకుని కూర్చుందని అర్థం.

ఇంతలో బదిలీల కౌన్సెలింగు వచ్చింది. ఎవరెవరు అర్హులో జీవోలో వివరంగా రాశారు. పైన ఒక పెద్దమనిషి సిఫారసు లెటరు ఉంటే తప్ప సొంత మండలానికి రాలేరని మాత్రం రాయలేదు. అందరికీ తెలిసిన సంగతిని రాయడం కాగితం దండగ. అందుకని తల్లీకూతుళ్ళు లెటరు టైపు చేయించుకుని ఓబుళేశు గారి ఇంటికి పోయారు.

ఓబుళేశు గారు చాలా గొప్ప మనిషి. ఆయన మండలికి ఆఫీసు ఇంకా కట్టలేదు, సిబ్బంది రాలేదు, అభివృద్ధి చేయవలసిన మెట్టభూములు ఎక్కడున్నాయో తేలలేదు. అయినా ఆయన పదవిలోకి వచ్చినప్పటి నుంచి ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. అటువంటి మనిషికి ఆరోజు మనసు బాగాలేదు. అభిమానులు బెంగళూరు నుంచి తెచ్చిచ్చిన నాలుగు నెలల కుక్కపిల్ల, పోలీసు కుక్కల జాతిది, సోఫా కిందికి దూరి బయటికి రానంటున్నది. అది ఫ్యానుకు భయపడుతుంది. చెప్పులకు భయపడుతుంది. ఆయన గొంతు వింటే ఒంటేలు పోస్తుంది. ఈ చివరి సంగతి కార్యకర్తల్లో కూడా ఉన్నదే గాని, కుక్కలో ఉంటే బాగుండదని ఆయన బాధ.

శివజ్యోతి నోరు మూసుకుని లెటరు మీద సంతకం పెట్టించుకుని రావలసింది. రాలేదు. నేల మీద వంగి సోఫా కిందికి చూసి అన్నది:

"సార్, తల్లిని వదిలినప్పటి నుంచి ఇది ఇంకో కుక్కనే చూడలేదు. అందుకే బెదురు. నిదానంగా ఉండే కుక్కను ఒక్కదాన్ని, సూదులు ఏయించిందాన్ని పిలిపించి, జనం లేని తావులో ఐదు నిమిషాలు పరిచయం చేయండి. మిగతాది అవే చూసుకుంటాయి."

ముప్పై ఏళ్ళ రాజకీయంలో ఓబుళేశు గారు సభ లేకుండా ఎవరికీ పరిచయం కాలేదు. పెండ్లిచూపులకు కూడా ఆయన మైకుతో పోయాడని చెప్పుకుంటారు. ఆయన కండ్లలో నీళ్ళు తిరిగాయి. మా వాణ్ణి ఇన్నాళ్ళూ నాలుగు గోడల మధ్య పెట్టినాను, జనంలోకి తీసుకుపోలేదు, తప్పు నాదే అన్నాడు. జనంలోకి కాదు సార్, ఒక్క కుక్క అని శివజ్యోతి సర్దబోయింది. అప్పటికే దావీదురాజు ఫంక్షన్ హాలుకు ఫోను చేస్తున్నాడు. సంతకానికి మూత తీసిన పెన్నుకు ఓబుళేశు గారు మళ్ళీ మూత పెట్టి, లెటరును దావీదురాజుకు ఇచ్చేశాడు.

"సభ బాగా జరగనీ పాపా. జరిగినాక నా చేత్తో నేనే పెడతా."

ఆటోలో వచ్చేటప్పుడు ఉరుకుందమ్మ కూతుర్ని నెమ్మదిగానే తిట్టింది. సోఫా కింద ఉంటే ఉండనీ, నీ నెత్తి మీదేమన్నా ఎక్కిందా అని. సీమలో ఎంతమంది సోఫాల కింద దాక్కొని బతకడం లేదు అని.

ఆ ప్రకటన రాకముందే, బుధవారం సన్నాహక సమావేశం జరిగింది. శివజ్యోతిని సాంకేతిక సలహాదారుగా పిలిచారు. పిల్లను ఒంటరిగా పంపితే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఉరుకుందమ్మ కూడా పోయి పక్క కుర్చీలో కూర్చుంది.

ఒక్క కుక్క అయితే ఏ మండలం కుక్క అని మొదటి ప్రశ్న వచ్చింది. అడిగినవాడు మారెన్న. ఇరవై ఏళ్ళుగా జిందాబాద్ కొడుతూ ఇంతవరకు ఏ పదవీ ఎరగని కార్యకర్త కాబట్టి, న్యాయం గురించి అతనికి బాగా తెలుసు. కోడుమూరు కుక్కను పిలిస్తే పత్తికొండ వాళ్ళు నొచ్చుకుంటారు. కాబట్టి మండలానికి ఒకటి అనుకున్నారు. ప్రతి మండలంలో పార్టీకి రెండు గ్రూపులున్నాయి కాబట్టి రెండు అనుకున్నారు. ఆడకుక్కలకు మూడో వంతు అన్నారు. గొర్రెల కాపరుల కుక్కలను మరిచిపోతే ఓట్లు పోతాయని ఒకరు లేచి గుర్తుచేశారు. సాయంత్రానికి లెక్క అరవై నాలుగు దగ్గర నిలిచింది.

తర్వాత క్రమశిక్షణ మాట వచ్చింది. ప్రతి కుక్కా పార్టీ ఇండ్లలోనే అన్నం తిన్నట్టు ఊరి బాధ్యుని దగ్గర చీటీ తేవాలన్నారు. ఒక ఊరిలో ఒక కుక్క పొద్దున ఈ పార్టీ వీధిలో, సాయంత్రం ఆ పార్టీ వీధిలో తింటున్నట్టు ఫిర్యాదు అందింది. దాని మీద గంటన్నర చర్చ నడిచింది. చివరికి, పాతవన్నీ మరిచిపోయి, సభలోనే కండువా కప్పి సాదరంగా చేర్చుకోవాలని తీర్మానించారు.

అప్పుడు శివజ్యోతి చెయ్యెత్తింది. ఉరుకుందమ్మ బల్ల కింద ఆమె తొడ మీద గిల్లింది. అయినా ఆ పిల్ల లేచి, కుక్కలు ఒకదాన్నొకటి పలకరించుకునేది వెనక వైపు నుంచి వాసన చూసి అని, తాళ్ళు వదులుగా పెట్టి వాటి మానాన వదిలేయాలని చెప్పింది.

రాసుకుంటున్న పెన్నులు ఆగిపోయాయి.

"ఎనక నుంచా?" అన్నాడు దావీదురాజు.

మారెన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "పాపా, నువ్వు సదువుకున్నదానివి. మన సీమలో ఎనక నుంచి వచ్చేటోన్ని ఎవురన్నా నమ్ముతారా? సార్ వాళ్ళ నాయన గడ్డం గీయించుకునేటప్పుడు గూడా గోడకు ఆనుకొని కూసుంటాండె. ప్రిన్స్ గారికి ఎనక నుంచి అరవై నాలుగు మంది వస్తారంటే సార్ ఒప్పుకుంటారా?"

ఇది అందరికీ సబబుగా తోచింది. ప్రిన్స్ ఆసనం గోడకు ఆనించి వేయాలనీ, కుక్కలన్నీ ఎదురుగా వచ్చి, ముఖంలో ముఖం పెట్టి, తల వంచి పోవాలనీ రాసుకున్నారు. ముఖంలో ముఖం పెట్టి చూడటం కుక్కల్లో తగాదాకు పిలుపని శివజ్యోతి అనబోయింది గాని, తల్లి గిల్లిన చోటే రెండోసారి గిల్లేసరికి కూర్చుంది.

ఆదివారం వచ్చింది. ఉరుకుందమ్మ సంచిలో పసుపు, దూది, డెటాల్ సబ్బు, గ్లూకోజు, ఒక పాత చీర సర్దుకుని, ఉరుకుంద ఈరన్నస్వామికి మొక్కుకుని బయల్దేరింది. హాలు ముందర యాభై అడుగుల ఫ్లెక్సీ కట్టారు. అందులో ఓబుళేశు గారు నిలువెత్తున చెయ్యెత్తి ఉన్నాడు. ప్రిన్స్ ఆయన చంక దగ్గర స్టాంపు సైజులో ఉంది. కింద అరవై నాలుగు ముఖాలు వేశారు. ఒక్కటీ కుక్కది కాదు, అన్నీ వాటిని పట్టుకొచ్చినవాళ్ళవి.

లోపల అరవై నాలుగు కుక్కలు కండువాలు కట్టుకుని కూర్చున్నాయి. ఒకటి తన కండువాను తినేసింది, దానికి ఇంకొకటి ఇచ్చారు. ఓబుళేశు గారు నలభై నిమిషాలు మాట్లాడాడు. కరువు నేలలో పుట్టిన ప్రతి కుక్కకూ తన ఇంటి తలుపు తెరిచే ఉంటుందన్నాడు. జనం చప్పట్లు కొట్టినప్పుడల్లా కుక్కలు మొరిగాయి. కుక్కల నుంచి అపూర్వ స్పందన వచ్చిందని విలేకరులు రాసుకున్నారు, అందులో అబద్ధం ఏమీ లేదు.

ప్రిన్స్ గోడకు ఆనించిన వెల్వెట్ కుర్చీలో చలి జ్వరం వచ్చినట్టు వణుకుతున్నది. మారెన్న మైకు పట్టుకుని ఒక్కొక్క కుక్కనూ పిలిచాడు. ఏ మండలం, ఎన్నేళ్ళ సేవ, ఎవరి మనిషి. మొదటి కుక్కను ఇద్దరు ఈడ్చుకొచ్చి తల వంచి పట్టుకున్నారు. అది గోడ వైపు చూసింది. ప్రిన్స్ కండ్లు మూసుకుంది. ఫోటో తీశారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నాలుగోదానికి ఫోటోగ్రాఫరు ప్రిన్స్ గారి ముఖం కనబడటం లేదన్నాడు. మారెన్న గౌరవంగా చెయ్యి చాచి, గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తాడు.

ప్రిన్స్ ఆ వేలిని కరిచింది.

మైకులో మారెన్న కేక హాలంతా వినిపించింది. ఉరుకుందమ్మ సంచిలో నుంచి దూదీ డెటాల్ సబ్బూ బయటికి తీసింది. లెటరు పోయింది. ఉద్యోగం పోయింది. సలహా ఇచ్చింది నువ్వే కదా అని పోలీసులు వస్తారు, పేపర్లో ఫోటో వస్తుంది, ఆ ఫోటో చూసినవాళ్ళెవరూ పిల్లను చేసుకోరు. ఇదంతా ఆమెకు ఒక్క రెప్పపాటులో కనబడింది. ఆమెకు ఎప్పుడూ అంతకన్నా ఎక్కువ సమయం పట్టదు.

మారెన్న తన వేలి మీది రక్తపు చుక్కను చూసుకున్నాడు. ఓబుళేశు గారి ముఖం చూశాడు. ఆ ముఖం కోప్పడాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. ఇరవై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు. మారెన్న మైకును నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నా జన్మ ధన్యమాయ సార్. ఇన్ని కుక్కలు వస్తాండాయి, ఒక్కదాన్నీ ప్రిన్స్ గారు పట్టించుకోల్యా. నన్ను సొంత మనిషి అనుకొన్యారు."

చప్పట్లు మొదలయ్యాయి. మావాడికి మనిషి విలువ తెలుసు అన్నాడు ఓబుళేశు గారు. అక్కడికక్కడే మారెన్నను మెట్టభూముల మండలి సభ్యునిగా ప్రకటించాడు.

ఆ మాట పూర్తికాకముందే వేదిక మెట్ల దగ్గర వరుస కట్టారు. కొందరు వేళ్ళు, కొందరు మోచేతులు చాచారు, ఒక మాజీ సర్పంచు పంచె పైకెత్తి పిక్క చూపించాడు. చేతులు చాచినవాళ్ళు తాళ్ళు వదిలేయడంతో అరవై కుక్కలు కండువాలతో సహా వంటశాల వైపు పోయాయి. ప్రిన్స్ కుర్చీ దూకి వేదిక కిందికి దూరింది. దాన్ని బయటికి తీయడానికి గంట పట్టింది. మరునాటి పేపర్లో, ప్రిన్స్ అరవై నాలుగు కుక్కలతో పేరుపేరునా ముచ్చటించి వాటి సమస్యలు తెలుసుకున్నారని వచ్చింది.

హడావిడిలో సంతకం కాలేదు. కౌన్సెలింగుకు సోమవారం సాయంత్రం ఐదే ఆఖరు గడువు. పొద్దున్నే తల్లీకూతుళ్ళు ఓబుళేశు గారి ఇంటికి పోయేసరికి, వరండాలో ఇరవై ముగ్గురు కట్లు కట్టుకుని కూర్చున్నారు. అందరినీ నిన్న తొక్కిసలాటలో ప్రిన్స్ గారు కరిచారు.

దావీదురాజు కొత్త రిజిస్టరు తెరిచాడు. అట్ట మీద కాటు రిజిస్టరు అని రాసి ఉంది. ఇకమీదట పదవులైనా లెటర్లైనా ఇందులో పేరున్నవాళ్ళకేనని సార్ పొద్దున నిర్ణయించారని చెప్పాడు. గాయం ఉందా లేదా అన్నది ఏ డాక్టరైనా చెప్తాడు గాని, అది ఎవరి పన్నో చెప్పవలసింది పశువుల శాఖే కాబట్టి, శివజ్యోతి ఒక్కొక్కరిని చూసి రాయాలన్నాడు.

శివజ్యోతి ఒక్కొక్క కట్టూ విప్పింది. మారెన్నది నిజంగానే కాటు. ఒకాయనది బ్లేడు గాటు. ఒకాయనది కుక్కరు మూత తగిలి కాలింది. ఒకాయనది రెండేళ్ళ కిందటి మచ్చ. మాజీ సర్పంచు కట్టు విప్పితే లోపల ఏమీ లేదు.

"నొప్పి లోపల ఉండాది పాపా," అన్నాడాయన.

ఉరుకుందమ్మ వెనక నిలబడి గిల్లడానికి చోటు వెతుక్కుంటూనే ఉంది. శివజ్యోతి మారెన్న పేరు ఎదురుగా కాటు అని, మిగతా ఇరవై ఇద్దరి ఎదురుగా కాటు కాదు అని రాసి సంతకం చేసింది.

దావీదురాజు అదంతా చదివాడు. కోపం తెచ్చుకోలేదు. టైపు చేసిన సిఫారసు లెటరును జేబులో నుంచి తీసి, బల్ల సొరుగులో పెట్టి, సొరుగు మూశాడు.

"శానా కరెక్టుగా రాసినావు పాపా. నిజంగా కరిపించుకున్నోళ్ళకే సార్ సంతకం. మరి నీ పేరు యాడుండాది దీంట్లో?"

శివజ్యోతి రిజిస్టరు మూసింది. బయటికి వచ్చి, రెండు గంటల కడప బస్సుకు పోతానమ్మా అన్నది. మొన్నటి దాకా పోలేదా, ఇంకో మూడేళ్ళు పోతా అన్నది. అలా అంటూ ముఖం అటు తిప్పుకుంది. ఉరుకుందమ్మకు బస్సు కనిపించింది, ఘాటురోడ్డు మలుపు కనిపించింది, నిద్రకు తూలుతున్న డ్రైవరు కనిపించాడు. రవ్వంత సేపు ఉండు పాపా, నీళ్ళు తాగొస్తా అని ఆమె లోపలికి పోయింది.

హాలులో ఎవరూ లేరు. ప్రిన్స్ సోఫా కిందే ఉంది. ఉరుకుందమ్మకు కుక్కంటే ప్రాణభయం. తోవలో కుక్క కనబడితే పక్క వీధి నుంచి చుట్టి వచ్చే మనిషి. ఆమె పోయి సోఫా పక్కన నేల మీద కూర్చుని, కండ్లు గట్టిగా మూసుకుని, కుడి చెయ్యి లోపలికి పెట్టింది.

"నాయనా, ఒక్కటే. రవ్వంత మెల్లగా."

వేళ్ళ మీద చల్లని ముక్కు తగిలింది. తర్వాత అరచేతి మీద. కొంతసేపటికి కుక్కపిల్ల పాకుతూ బయటికి వచ్చి, ఆమె చుట్టూ తిరిగి, వెనక వైపు చేరి, చీర కుచ్చెళ్ళు, నడుము, వీపు అంతా నిదానంగా వాసన చూసింది. చూసి, ముందుకు వచ్చి ఒళ్ళోకి ఎక్కింది. ఉరుకుందమ్మ దాని నోటికి వేలు అందించింది. అది దూడలాగా చప్పరించింది. ఆమె దాని చెవి మెలిపెట్టింది. అది ఆమె మణికట్టు నాకి, ముడుచుకుని, నిద్రపోయింది. గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తున్నది.

ఉరుకుందమ్మ అటూ ఇటూ చూసింది. కొంగు తల మీదుగా కప్పుకుని, ముంజేతి మీదికి వంగింది.

తల్లి ఎంతకీ రాలేదని శివజ్యోతి వెతుక్కుంటూ వచ్చింది. వెనకే దావీదురాజు వచ్చాడు. ఉరుకుందమ్మ నేల మీదే కూర్చుని ఉంది. కండ్లలో నీళ్ళు ఉన్నాయి. పెదాలు బిగించుకుని, కొంగు పక్కకు తీసి ముంజెయ్యి చూపించింది.

దావీదురాజుకు చాలా సంతోషమయింది. అక్కా, నువ్వు అదృష్టవంతురాలివి, ఇంటి మనిషి అంటే ఇంటి మనిషే, నీ పేరు రాస్తే పాప లెటరుకు సరిపోతుంది అన్నాడు. పోయి రిజిస్టరూ పెన్నూ తెచ్చి శివజ్యోతి చేతిలో పెట్టాడు.

శివజ్యోతి తల్లి ముంజేతిని పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ఎర్రగా కమిలిన గుండ్రటి గుర్తు. పైన ఒక వరుస, కింద ఒక వరుస. కింది వరుస నిండుగా ఉంది. పై వరుసలో నడిమధ్య ఒక పన్ను మందం ఖాళీ ఉంది. ఉరుకుందమ్మకు పైన ముందు పన్ను ఊడి ఆరేళ్ళయింది. కట్టించుకోమ్మా అంటే, మత్తుసూది ఇస్తే మళ్ళీ లేవనని భయపడి ఆమె కట్టించుకోలేదు.

ఒళ్ళో ప్రిన్స్ చిన్నగా గురక పెడుతున్నది.

"రాయమ్మా, ఐదయితే మళ్ళీ ఆఫీసు మూస్తారు," అన్నాడు దావీదురాజు.

శివజ్యోతి రిజిస్టరు తెరిచి ఇరవై నాలుగో వరుసకు వచ్చింది. తల్లి పేరు రాసింది. ఊరు రాసింది. తర్వాతి గడిలో కాటు అని రాసింది. చివరి గడిలో గాయం ఎంత లోతు అని ఉంది. ఆమె పెన్ను అక్కడ ఆపి, తల్లి వైపు చూడకుండా కాసేపు ఆలోచించి, శానా అని రాసి సంతకం చేసింది.